పెద్దమ్మ నన్ను చేర్చిన బడి

పోయిన నెల ఒక ఉదయం కోవిల్‌పట్టి నుంచి మా అమ్మ ఫోన్ చేసి పెద్దమ్మ పోయిందని చెప్పింది. తెల్లవారి లేచి వాకిలి ఊడ్చి, కాఫీ పెట్టబోతూ ఆయాసంగా ఉందని వంటింట్లోనే గోడకు ఆనుకొని కూర్చుందట. పెదనాయన పాల ప్యాకెట్టు తీసుకొని వచ్చేసరికి అంతా అయిపోయిందట. అమ్మ ఇదంతా ఏడవకుండా చెప్పి, చివర్లో "నువ్వు వెంటనే ఎలబారు" అంది.

విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి పెద్ద దూరమేమీ కాదు. సాత్తూరు దాటితే వచ్చేసినట్టే. ఆ దోవంతా బస్సు కిటికీ పక్కన కూర్చొని ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. సిగ్గు వచ్చింది. అది నా సిగ్గా, ఆమె సిగ్గా అన్నది ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. ఆమెను గుర్తు చేసుకోవాలంటే దాన్ని వదిలిపెట్టి చేసుకోవడం నా వల్ల కాదు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఈ తమిళ గడ్డ మీద మా ఇళ్ళల్లో తెలుగు నోటి మాటే గాని చదివే భాష కాదు. ఈ అక్షరాలు నాకు పెళ్ళయ్యాక చిత్తూరు వైపు నుంచి వచ్చిన మా తోడికోడలు నేర్పింది. పెద్దమ్మకు చివరిదాకా తెలుగు చదవడం రాలేదు. తన గురించి ఇలా రాస్తున్నానంటే ముందు అక్షరాలు ఎలా ఉన్నాయో చూపించమనేది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. అమ్మ చిన్నగా ఉన్నప్పుడే వాళ్ళ తల్లి పోతే, తల దువ్వి, జడ వేసి, అన్నం పెట్టి పెంచింది ఆమే. ఆ తర్వాత టీచరు ట్రైనింగు చదివి మొదట పుదూరు దగ్గర ఒక పల్లెలో పని చేసింది. పెళ్ళయ్యాక కోవిల్‌పట్టి నుంచి టౌను బస్సులో పోయి వచ్చే ఊరికి మారింది. అది పంచాయతీ యూనియన్ బడి, గవర్నమెంటుదే. రెండు గదులు, ఐదు తరగతులు, ఒక హెడ్మాస్టరు, మా పెద్దమ్మ. హెడ్మాస్టరు మీటింగులనీ ఓటర్ల లెక్కలనీ ఆఫీసుల చుట్టూ తిరిగే రోజుల్లో ఐదు తరగతులూ ఆమె నెత్తినే.

ఆ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. బడి మాత్రం తమిళం. ఐదేళ్ళ పిల్ల వచ్చి కూర్చుంటే పుస్తకంలో బొమ్మ కింద పూనై అని ఉంటుంది. ఆ పిల్లకు తెలిసింది పిల్లి. పెద్దమ్మ ఒకటో తరగతిలో కుర్చీ వేసుకునేది కాదు. చీర కుచ్చెళ్ళు సర్దుకొని పిల్లకాయల మధ్య నేల మీద కూర్చొని, ముందు పిల్లి కథ తెలుగులో చెప్పి, ఆ పిల్లి బడికి వచ్చి పూనై అని పేరు రాయించుకుందని చెప్పేది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఒకసారి అది విని ఇదేం భాష అని అడిగాడట. "ఇంట్లో మాట పట్టుకొని లోపలికి రానీండి సార్, బయటి మాట నేను నేర్పతాను" అని చెప్పిందట. సోమవారాలు గోళ్ళు కత్తిరించేది. బల్ల సొరుగులో దువ్వెన, కొబ్బరినూనె సీసా ఉండేవి. తల నూనె లేకుండా వచ్చిన పిల్లను అందరి ముందూ ఒక్క మాట అనేది కాదు. ఇంటర్వెల్‌లో పక్కకు పిలిచి తలకు రాసి పంపేది.

ఇంత మంచి టీచరు మా ఇంట్లోనే ఉన్నా, మేము ఆమె బడిలో చదువుకోలేదు. పెదనాయన ఒక ఆఫీసులో గుమాస్తా. కొడుకు ఇంగ్లీషులో చదవాలని ఆయన పట్టుదల. అలా వాళ్ళబ్బాయి, మా అన్న, కోవిల్‌పట్టిలో ఒక ఇంగ్లీషు మీడియం నర్సరీ స్కూల్లో చేరాడు. అన్న వెనకే నన్నూ అక్కడే వేశారు. మా నాయన స్పిన్నింగు మిల్లులో పని చేసేవాడు, అమ్మ అగ్గిపెట్టెల ప్యాకింగుకు పోయేది. మా వీధిలో టై కట్టుకొని వ్యాను ఎక్కే ఆడపిల్లను నేనొక్కదాన్నే.

ఆ స్కూలును తక్కువ చేసి మాట్లాడాలని నాకు లేదు. అక్కడి మిస్సులు చాలామంది పెళ్ళి కుదిరేదాకా పని చేసే అమ్మాయిలు, మమ్మల్ని ముద్దుగానే చూసుకునేవాళ్ళు. వాళ్ళు చదివింది మేము పాట పాడినట్టు తిరిగి అప్పజెప్పేవాళ్ళం. చుట్టాలు వస్తే నన్ను నిలబెట్టి వాన గురించిన ఇంగ్లీషు పాఠం మొత్తం చెప్పించేవారు. నాయన షిఫ్టు ముగించుకొని వచ్చి కళ్ళు మూతలు పడుతున్నా అది వినే పడుకునేవాడు. ఒకసారి పెద్దమ్మ కూడా కూర్చొని విన్నది. "బాగుండాది పాపా. ఇప్పుడు అదే మన మాటల్లో చెప్పు" అంది. నేను నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను. అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. అర్థమయిందా అని పిల్లలను అడగకూడదు, అడిగితే తలకాయ ఊపుతారు, మళ్ళీ చెప్పమని అడగాలి అని మాత్రం అమ్మతో అంది. ఆ మాట తర్వాత ఎన్నోసార్లు విన్నాను.

అంత తెలిసిన మనిషి కూడా అన్నను వ్యాను దింపి తన బడికి తీసుకుపోలేదు. రోజూ పొద్దున వాడి బూట్లకు పాలిష్ పెట్టి, తాను చెప్పులు వేసుకొని బస్సుకు పరుగెత్తేది.

నేను రెండో తరగతి ముగించిన ఎండాకాలంలో ఆ ఊరికి కూడా మా స్కూలు వ్యాను రావడం మొదలయింది. సేద్యం ఉన్న ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే పిల్లలను మాన్పించి అటు పంపడం మొదలుపెట్టారు. ఇంకా తగ్గితే ఒక టీచరు పోస్టు తీసేస్తారని హెడ్మాస్టరుకు పైనుంచి చెప్పారట. అంటే ఐదు తరగతులకూ ఒక్కరే. మే నెలలో పెద్దమ్మ ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. సెలవులు కాబట్టి నన్ను తోడు తీసుకుపోయింది.

కొందరు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. చూద్దాం టీచరమ్మా అన్నారు. ఒకాయన, మీరు చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు గాని మావాడికి టై కట్టాలని వాళ్ళమ్మకు ఆశ అని దాపరికం లేకుండా చెప్పాడు. ఆ ఎండలో ప్రతి గడప ముందూ ఆమె చెప్పులు విప్పి, అవే మాటలు మొదటిసారి చెబుతున్నట్టు చెప్పేది. మీ పిల్లలను మాకివ్వండి అని అడగడానికి వచ్చిన టీచరును ఎవరూ కసరలేదు. కాని ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

ఊరి చివర ఒక ఇంటి పంచలో ఒకామె కూర్చొని అగ్గిపెట్టెలకు కాగితం అంటిస్తూ ఉంది. పక్కన నా ఈడు కూతురు. ఆమెకు సేద్యం లేదు, కూలి పని. ఆ పిల్లను కూడా వ్యానులో పంపాలని అన్నదమ్ముల దగ్గర సాయం అడుగుతోందని మేము అంతకుముందు పోయిన ఇంట్లోనే విన్నాం. పెద్దమ్మ చెప్పిందంతా ఆమె చేతులు ఆపకుండా విన్నది. తర్వాత తల ఎత్తింది.

"తప్పుగా అనుకోవద్దండి టీచరమ్మా. మీ పిల్లకాయలు ఏ పళ్ళికూడంలో చదవతా ఉండారు?"

చెమటతో తడిసిన పెద్దమ్మ చెయ్యి నా భుజం మీదికి వచ్చింది.

"ఇదే మా పాప" అంది. "జూన్‌లో మన బడికే వస్తాది."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత తన కూతురి వైపు చూసి, అయితే మాదాన్ని కూడా మీ దగ్గరికే పంపిస్తాను అంది.

మా పాప అనడంలో అబద్ధం లేదు. మా ఇళ్ళల్లో చెల్లెలి కూతురు మా పాపే. కాని ఆమె అడిగింది వేరే, పెద్దమ్మ చెప్పింది వేరే. ఎనిమిదేళ్ళ దాన్నయినా అది నాకు తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో పెద్దమ్మ నాకు వేరుశనగ మిఠాయి కొనిపెట్టింది. నేను తినలేదు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి అమ్మతో, నాయనతో మాట్లాడింది. నాయన నిలబడే విన్నాడు. ఆమె ముందు ఆయన ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. అమ్మ ఒక్క మాట అడిగింది.

"అబ్బాయి కూడా వస్తాడా అక్కా?"

"వాళ్ళ నాయన ఒప్పుకోడు" అంది పెద్దమ్మ.

అమ్మ మళ్ళీ అడగలేదు. తనను పెంచిన అక్కను రెండో మాట అడిగే అలవాటు ఆమెకు లేదు.

జూన్‌లో నేను టై తీసేసి పెద్దమ్మతో బస్సు ఎక్కడం మొదలుపెట్టాను. మా వీధిలో నా ఈడు పిల్లలు, ఫెయిలయ్యావా అని అడిగారు. నాయన మిల్లులో ఎవరైనా అడిగితే, ఇంకా ఆ ఇంగ్లీషు స్కూల్లోనే చదువుతోందని చెప్పుకునేవాడు. టీ కొట్టు దగ్గర ఒకసారి నేను పక్కనే ఉండగా అలా చెప్పి, నా వైపు చూసి, టీ గ్లాసు చేతిలో పట్టుకొని తాగకుండా నిలబడ్డాడు. కొత్త బడిలో ఆడపిల్లలకు మరుగు లేదు. తుమ్మ కంపల వెనక్కి పోవాలి. మొదటి వారం నేను మధ్యాహ్నం నీళ్ళు తాగడం మానేశాను. ఆ సంగతి పెద్దమ్మ కనిపెట్టి, బడి పక్కన ఒక ముసలామెను అడిగి వాళ్ళ దొడ్డి మా ఆడపిల్లలందరికీ వాడుకోనిచ్చేలా ఒప్పించింది. నేను రాకముందు ఆ పని ఎందుకు చేయలేదని పెద్దయ్యాక అనుకున్నాను. ఆమె కూడా అనుకునే ఉంటుంది.

చదువు మాత్రం అక్కడే వచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మందు లేని పుల్లలను పదేసి కట్టలు కట్టి మా ముందు పెట్టేది. తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం నాకు ముందే వచ్చు. పైన ఒకటి వేయాలని మిస్ చెప్పింది కాబట్టి వేసేదాన్ని. అప్పు తెచ్చుకోవడమంటే ఒక కట్ట విప్పడమని ఆ నేల మీద కూర్చున్నాకే తెలిసింది. ఆ రోజు నేను పుల్లలన్నీ విప్పి మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పి, ఇంటర్వెల్‌కు కూడా లేవలేదు. పెద్దమ్మ దూరం నుంచి చూసి దగ్గరికి రాలేదు.

అక్కడ అందరికీ నేను టీచరమ్మ కూతుర్ని. బడిలో అందరిలాగే ఆమెను టీచర్ అని పిలిచేదాన్ని కాబట్టి నేను అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు. హెడ్మాస్టరుకు నిజం తెలుసు. ఆయన పిల్లలూ వ్యానులోనే పోయేవాళ్ళు, అందుకని ఆయనా మాట్లాడలేదు. ఆ ఏడాది పోస్టు నిలిచింది. కూలి ఇళ్ళ పిల్లలు ఎవరూ మానలేదు.

ఐదు ముగిశాక కోవిల్‌పట్టిలో గవర్నమెంటు ఆడపిల్లల హైస్కూల్లో చేరాను. లెక్కల్లో ముందుండేదాన్ని. ఇంగ్లీషు దగ్గర ఎప్పుడూ వెనకే. ఇప్పుడు విరుదునగర్‌లో ఒక పప్పుల మండీ ఆఫీసులో పని చేస్తున్నాను. అంతకుముందు నన్ను ఇంటర్వ్యూ చేసిన రెండు కంపెనీల్లో లెక్కలు చూసి మెచ్చుకొని, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడమని, తర్వాత చెబుతామన్నారు. అన్న ఇంజనీరింగు చదివి కోయంబత్తూరులో ఉన్నాడు. ఫోన్ మీద ఇంగ్లీషులో గడగడా మాట్లాడతాడు. ఆ పంచలో కూర్చున్న కూలి ఆమె కూతురు నాతోపాటే పన్నెండు దాకా చదివి నర్సయింది. నా పక్కన కూర్చున్న ఇంకో పిల్లవాడు ఆరులోనే మానేసి అగ్గిపెట్టెల పనిలోకి పోయాడు. ఏ బడి మంచిదని ఎవరైనా అడిగితే వీళ్ళలో ఎవరిని చూపించాలో నాకు తెలియదు.

మా పాపకు మూడేళ్ళు నిండాక మేము విరుదునగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీకి సీటు తీసుకున్నాం. అప్పటికి పెద్దమ్మ రిటైరయింది. అదే వారం మమ్మల్ని చూడటానికి వచ్చి రెండు రోజులు ఉంది. నేను కొత్త యూనిఫారాన్నీ బూట్లనూ బీరువాలో చీరల వెనక దాచాను. పాప వాటిని లాక్కొచ్చి అమ్మమ్మా చూడు అని ఆమె ఒళ్ళో పెట్టింది. పెద్దమ్మ ఆ చిన్న బూట్లను కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. పాప ఆడుకోవడానికి పోయాక నన్ను పిలిచింది.

"దాచద్దు. చేర్పించు. మా వాణ్ని చేర్పించినప్పుడు నేను ఎవరి దగ్గరా దాచలేదు. నిన్ను చేర్చినప్పుడే దాచినాను."

నేను ఏదో పని ఉన్నట్టు లేవబోయాను. చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"ఆరోజు మీ అమ్మతో మీ పెదనాయన ఒప్పుకోడన్నాను. నేను ఆయన్ని అడగనేలేదు. అడిగితే ఒప్పుకుంటాడేమోనని నాకి భయం. ఆ పంచలో ఆమె అడిగినప్పుడు మా వాడి పేరు నాకి నోటికి రాలేదు. నువ్వు పక్కన ఉంటివి."

"నీ దగ్గర నేను బాగానే చదువుకున్నాను పెద్దమ్మా."

"చదువుకున్నావు. అది వేరే మాట" అంది.

ఇంకేదైనా చెప్పాలనుకున్నాను. పుల్లల కట్టల సంగతి చెబుదామనుకున్నాను. కాని ఆ బీరువా తలుపు ఇంకా తెరిచే ఉంది, చీరలు కింద పడి ఉన్నాయి. నేను వాటిని మడత పెట్టడం మొదలుపెట్టాను. ఆమె రెండో కొస పట్టుకుంది. మళ్ళీ ఎప్పుడూ మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం ఆ ఊరి నుంచి ఒక మినీ వ్యాను నిండా జనం వచ్చారు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు, వాళ్ళ తల్లులు. ఆ కూలి ఆమె ముసలిదయింది. నేరుగా నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకొని, నీ తల్లి మా బిడ్డలకు కళ్ళిచ్చి పోయిందమ్మా అని ఏడ్చింది. ఊరి ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరి నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. మా అమ్మ కొంచెం దూరంగా కూర్చొని చూస్తూ ఉంది. నేను కాదనలేదు.

అప్పుడు అన్న నీళ్ళ చెంబుతో వచ్చాడు. తల మీద తడిబట్ట, భుజాన కొత్త జంధ్యంలాగా వేసిన తుండు. ఆ ముసలామె అతన్ని చూసి మీరెవరయ్యా అని అడిగింది.

"నేను కొడుకుని" అన్నాడు అన్న.

ఆమె నా వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది. "టీచరమ్మకు కొడుకు ఉండాడా?" అంది. "ఇన్నేళ్ళలో ఒక్క దినం కూడా చెప్పలేదే."

అన్న చెంబు కింద పెట్టాడు. తాను బయట చదివానని మెల్లగా చెప్పి, మగవాళ్ళు ఉన్న వైపుకు పోయాడు. ఆ మాట ఎవరి మీదా పడకుండా చెప్పడం కోసం అతను ఎంత వెతుక్కున్నాడో నాకు కనిపించింది. ఇన్నాళ్ళూ ఆ అబద్ధంలో పోగొట్టుకున్నది నేనే అనుకుంటూ వచ్చాను. ఆ ఊరి వరకు వాడు పుట్టనే లేదు.

అన్నీ అయిపోయాక, నేను విరుదునగర్ బస్సు ఎక్కే ముందు అన్న నన్ను అడిగాడు. "అమ్మ అక్కడ నా గురించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదా?" అని. బస్సు కదిలింది, నేను చెప్పలేదు. ఇంకా చెప్పలేదు.

చెప్పవలసింది ఇది. ఆ జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు, కోవిల్‌పట్టి బయట రైలు గేటు వేసి ఉంది. మా బస్సు ఆగింది. మా ముందు సీట్లలో ఆ ఊరివాళ్ళు కూర్చొని ఉన్నారు. పక్కనే స్కూలు వ్యాను వచ్చి ఆగింది. దాంట్లో అన్న ఉన్నాడు. కిటికీలో నన్ను చూసి, తర్వాత వాళ్ళమ్మను చూసి, సంతోషం పట్టలేక తల బయట పెట్టి చెయ్యి ఊపాడు. నేను చెయ్యి ఎత్తబోయాను. పెద్దమ్మ దాన్ని మెల్లగా కిందికి దించి తన ఒళ్ళో పెట్టుకొని, పైన తన చెయ్యి మూసింది. గూడ్సు బండి చాలా పొడుగ్గా ఉంది. అది పోయేదాకా ఆమె ముందుకే చూస్తూ కూర్చుంది. వాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.